ఒంటి రంగు, వినే చెవి



వీలైతే ఒక్కసారి గుమ్మం దాకా వచ్చి వీధిలోకి చూడండి. కరెంటు స్తంభం నీడలోనో, ఆగి ఉన్న ఆటో కిందో ఒక కుక్క పడుకుని ఉంటుంది. అది ఏ ఇంటి ముందు కాపు కాస్తుందో, ఎవరి చేతి అన్నానికి తోక ఊపుతుందో మీకు తెలిసే ఉంటుంది. ఒంటి రంగు ఏమిటని అడిగితే మాత్రం "ఆఁ, ఏదో గోధుమ రంగండీ" అనేస్తాం. ఈ పూట ఆ "ఏదో" గురించి మాట్లాడుకుందాం.

మిమ్మల్ని ఎరిగిన కుక్కయితే కాస్త దగ్గరికి వెళ్ళి చూడండి. ఎరగనిదైతే దూరం నుంచే చాలు. వీపు మీద రంగు ముదురుగా ఉంటుంది. డొక్కల దగ్గరికి వచ్చేసరికి పలచబడుతుంది. పొట్ట కింద దాదాపు మీగడ రంగు. పాదాల దగ్గర తెలుపు, గుండె మీద ఒక తెల్ల మచ్చ, తోక కొసన తెల్ల వెంట్రుకలు నాలుగు. ముక్కు మాత్రం నల్లగా నిగనిగలాడుతుంది. అది పడుకుని లేచిన చోట రాలిన వెంట్రుక ఒకటి తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. వీపు మీది వెంట్రుకైతే కొస నల్లగా, దాని కింద పసుప్పచ్చగా ఉండటం చాలాసార్లు కనిపిస్తుంది. ఒకే వెంట్రుకలో రెండు రంగులు. ఎవరో అద్దినట్టుండే ఈ రెండు రంగుల్లోనే కుక్కల వర్ణ వైచిత్రి అంతా ఉంది.

నలుపు, చాక్లెట్, బూడిద, తేనె, ఇసుక, ఇటుక ఎరుపు, మీగడ. ఇన్ని రంగులు చేయడానికి కుక్క ఒంట్లో ఉన్న సరుకు రెండే రెండు రకాలు. ఒకటి నలుపు, గోధుమలనిచ్చే యూమెలనిన్. రెండోది పసుపు, ఎరుపులనిచ్చే ఫియోమెలనిన్. మన జుట్టులో ఉన్నవీ ఇవే. తెలుపు మూడో రంగు కాదు, అక్కడ రంగు లేదని అర్థం. ఈ ఆఖరి మాట కాస్త గుర్తుంచుకోండి. చివర్లో దీనితో చాలా పని ఉంది.

వెంట్రుక మొదట్లో ఉండే కొన్ని కణాలు ఈ రంగుల్ని తయారుచేసి, పెరుగుతున్న వెంట్రుకకు అందిస్తాయి. వాటి మీద ఒక గ్రాహకం ఉంటుంది. అది పనిచేస్తున్నంతసేపూ కణం నలుపే చేస్తుంది. అగౌటి అనే ప్రోటీన్ వచ్చి ఆ గ్రాహకాన్ని అడ్డుకుంటే పసుపు చేస్తుంది. వెంట్రుక పెరిగే రోజుల్లో అగౌటి కొన్నాళ్ళు వచ్చి కొన్నాళ్ళు ఆగితే, ఇందాక మీరు చూసిన నల్ల కొస, పసుపు పట్టీ ఏర్పడతాయి. తోడేలు ఒంటి రంగు ఇలాంటిదే. అడవి కుందేలుదీ ఇంతే. ఎండు గడ్డిలో పడుకుంటే కంటికి ఆనదు.

ఇక ఇళ్ళలోకి వద్దాం. పెంపుడు కుక్క అనగానే మన ఊళ్ళలో చాలామందికి మొదట గుర్తొచ్చేది లాబ్రడార్. నల్లది, పసుపుది, చాక్లెట్‌ది అని మూడు రకాలు. నల్ల తల్లికీ నల్ల తండ్రికీ ఒకే ఈతలో మూడు రంగుల పిల్లలూ పుట్టవచ్చు. అది చూసి, తండ్రి ఒక్కడేనా అని ముసిముసిగా నవ్వేవాళ్ళున్నారు. కుక్కల్లో ఒకే ఈతకు ఇద్దరు తండ్రులు ఉండే వీలు లేకపోలేదు, అది వేరే సంగతి. రంగు తేడా చూసి మాత్రం ఆ తల్లిని అనుమానించకండి. చాక్లెట్‌కు కారణం ఒక జన్యువు, అది నల్ల సరుకును గోధుమ సరుకుగా మారుస్తుంది. పసుపుకు కారణం మరొకటి, అది ఇందాకటి గ్రాహకాన్నే పాడుచేస్తుంది. ఇక వెంట్రుకలో నలుపు తయారయ్యే మాటే లేదు. ఈ రెండూ తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కలిసి వస్తేనే బయటపడతాయి. ఒక వైపు నుంచే వస్తే పిల్ల నల్లగానే ఉంటుంది. లోపల దాచుకున్నది మాత్రం దాని పిల్లలకు అందుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ రెంటినీ దాచుకున్న నల్ల కుక్కలైతే, సగటున 16 పిల్లల్లో 9 నల్లవి, 3 చాక్లెట్‌వి, 4 పసుపువి పుడతాయి.

ఇందులో ముక్కు సాక్ష్యం చెబుతుంది. చాక్లెట్ కుక్క ముక్కు ఎప్పుడూ గోధుమ రంగే, దానికి నల్ల ముక్కు రాదు. నల్ల సరుకంతా ఒంట్లో ప్రతిచోటా గోధుమగా మారిపోయింది కదా. పసుపు లాబ్రడార్‌కు వెంట్రుకల్లో నలుపు లేకపోయినా ముక్కు చర్మంలో, కంటి రెప్పల అంచుల్లో, పెదవుల్లో ఉంటుంది. అందుకే అది నల్ల ముక్కుతో తిరుగుతుంది. ఎవరైనా గోధుమ రంగు కుక్కను చూపించి ఇది ఏ రకం అని అడిగితే, వెంట్రుకల కన్నా ముందు ముక్కు చూడండి.

ఈ లెక్కలు కట్టినవాళ్ళలో ముఖ్యుడు అమెరికా శాస్త్రవేత్త క్లారెన్స్ కుక్ లిటిల్. మెయిన్ రాష్ట్రంలో జాక్సన్ ప్రయోగశాలను 1929లో స్థాపించింది ఆయనే. కుక్కల ఒంటి రంగులు తరతరాలకూ ఎలా సంక్రమిస్తాయో వివరిస్తూ ఆయన రాసిన పుస్తకం 1957లో వచ్చింది. డీఎన్ఏ చదవడం ఇంకా ఎవరికీ చేతకాని రోజులవి. కుక్కల్ని జతకట్టించి, పుట్టిన పిల్లల రంగులు లెక్కపెట్టి, లోపల ఏముందో ఊహించడమే అప్పటి పద్ధతి. తర్వాత 2005లో టాషా అనే బాక్సర్ ఆడకుక్క జన్యుపటాన్ని పూర్తిగా చదివారు. అప్పుడు చూస్తే, లిటిల్ ఉన్నాయని చెప్పిన జన్యువుల్లో చాలా భాగం నిజంగానే ఉన్నాయి. ఒక్క నలుపు దగ్గర మాత్రం కథ మలుపు తిరిగింది.

నల్ల కుక్కంటే మనకు భక్తీ ఉంది, భయమూ ఉంది. కాలభైరవుడి వాహనమని రొట్టె పెడతాం. అదే కుక్క అర్ధరాత్రి ఎదురైతే గుండె ఝల్లుమంటుంది. మిగతా జంతువుల్లో నలుపు సాధారణంగా రెండు కారణాల వల్ల వస్తుంది. గ్రాహకం ఎడతెగకుండా పనిచేయడమో, అగౌటి చెడిపోవడమో. కుక్కల్లోనూ అంతేనని అనుకున్నారు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో గ్రెగరీ బార్ష్ బృందం 2007లో తేల్చింది వేరు. కుక్కల్లో నలుపుకు ప్రధాన కారణం డిఫెన్సిన్ అనే ప్రోటీన్. ఈ డిఫెన్సిన్ల కుటుంబమంతా రోగక్రిములతో పోరాడేదే. ఆ ప్రోటీన్ జన్యువులో మూడే మూడు డీఎన్ఏ అక్షరాలు లోపించడంతో, అది పోయి ఇందాకటి గ్రాహకాన్ని గట్టిగా పట్టుకుంటుంది. అగౌటికి చోటు దొరకదు. ఒళ్ళంతా నలుపే. క్రిముల పని చూసే ప్రోటీన్‌కు రంగుతో ఏం పనో అప్పట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ ముడి విప్పింది కుక్కలు కాదు, తోడేళ్ళు. అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ వనంలో తోడేళ్ళు పూర్తిగా అంతరించిపోతే 1995లో కెనడా నుంచి తెచ్చి వదిలారు. ఇప్పుడక్కడ ఉన్నవాటిలో దాదాపు సగం నల్లవి. పరీక్షిస్తే వాటి నలుపుకూ అదే మూడు అక్షరాల లోపమే కారణం. ఆ నలుపు తోడేళ్ళ నుంచి కుక్కలకు రాలేదు, కుక్కల నుంచే తోడేళ్ళకు వెళ్ళిందని 2009లో తేల్చారు. వేల ఏళ్ళ కిందట ఆ ఖండపు తొలి మనుషుల వెంట నడిచిన కుక్కలు అడవిలో తోడేళ్ళతో జతకట్టి ఇచ్చివెళ్ళిన ఆస్తి అది. 2022లో మరో సంగతి బయటపడింది. ఆ జన్యువును తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే పొందిన నల్ల తోడేళ్ళు, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వచ్చినా బతికి బయటపడే అవకాశం బూడిద రంగు వాటికన్నా ఎక్కువ. మన కుక్కపిల్లలకు మొదటి టీకా వేయించేటప్పుడు వైద్యులు చెప్పే పేర్లలో ఈ డిస్టెంపరే ముందుంటుంది. ఆ జబ్బు ఎక్కువగా తిరిగే ప్రాంతాల్లో తోడేళ్ళు తమ రంగుది కాని జతను ఎంచుకుంటాయట. బూడిదది నల్లదాన్ని, నల్లది బూడిదదాన్ని.

ఇక మన వీధి కుక్క రంగు సంగతి. ఇసుక రంగనండి, గోధుమ రంగనండి, దేశంలో ఏ ఊరికి వెళ్ళినా ఎక్కువగా ఎదురయ్యేది అదే. ఆసియా, ఆఫ్రికాల్లో ఊళ్ళను పట్టుకుని బతికే కుక్కల్లో మామూలుగా కనిపించేదీ ఆ రంగే. ఇది సంకరమై సంకరమై చెడిపోయిన రంగని, మేలు జాతి కుక్కలకే అసలు రంగులుంటాయని కొందరి అభిప్రాయం. అమెరికాలోని డేవిస్‌లో డానికా బనాష్, స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో టోసో లీబ్, ఇంకా పలువురు కలిసి 2021లో ప్రచురించిన పరిశోధన చదివితే ఆ అభిప్రాయం నిలవదు. అగౌటి ఎక్కడ, ఎప్పుడు, ఎంత తయారవాలో చెప్పే భాగాలు జన్యువులో రెండున్నాయి. ఒకటి పొట్ట వైపు చూసుకుంటుంది, రెండోది వెంట్రుక పెరిగే క్రమాన్ని చూసుకుంటుంది. ఈ రెంటి హెచ్చుతగ్గుల వల్లే కుక్కల్లో ఐదు ముఖ్యమైన పద్ధతులు ఏర్పడతాయి. ఒళ్ళంతా పసుపు ఒకటి. నల్ల కొసలు కలిసిన పసుపు ఒకటి. తోడేలు రంగు మరొకటి. వీపు మీద మాత్రమే నల్ల జీను వేసినట్టుండే జర్మన్ షెపర్డ్ పద్ధతి నాలుగోది. వీపంతా నలుపు, కింద ఎరుపు ఉండే డాబర్‌మన్ పద్ధతి ఐదోది.

అందులో ఒళ్ళంతా పసుపుగా చేసే జన్యు రూపం వయసు లెక్కకడితే ఆశ్చర్యం వేస్తుంది. 20 లక్షల ఏళ్ళకు పైగా కిందట తోడేళ్ళ వంశం నుంచి విడిపోయి, తర్వాత అంతరించిపోయిన ఏదో జంతువు నుంచి అది వచ్చిందని ఆ పరిశోధకుల నిర్ణయం. ఆ జంతువు తోడేళ్ళ పూర్వీకులతో ఎప్పుడో జతకట్టింది, అది పోయినా దాని రంగు మిగిలింది. మంచుదేశాల తెల్ల తోడేళ్ళ లేత రంగు వెనక కూడా ఇలాంటి రూపమే ఉంది. అంటే మనిషి కుక్కను మచ్చిక చేసుకోవడానికి ఎంతో ముందే ఆ రంగు పుట్టింది. చెత్తకుండీ దగ్గర మనం హచా అని అదిలించే కుక్క ఒంటి రంగు చరిత్ర అది. దీనికి ఎదురుగా, కొత్త రకమని లక్షలు పోసి తెచ్చుకునే కొన్ని రంగులు మనుషులు ఈమధ్య ఏరికోరి పెంచినవి.

డాబర్‌మన్ పద్ధతి అన్నాను కదా. అందులో ఒక చిత్రం ఉంది. నల్ల వీపు, ఎర్ర కాళ్ళు ఉన్న ఏ కుక్కకైనా రెండు కళ్ళపైనా రెండు ఎర్రటి చుక్కలుంటాయి. రాట్‌వైలర్‌కూ ఉంటాయి, తమిళనాడులో కన్ని అని పిలిచే వేటకుక్కకూ ఉంటాయి, మీ వీధిలో ఎవరూ జాతి పేరు పెట్టని నల్లదానికీ ఉండొచ్చు. జాతి ఏదైనా చుక్కల చోటు మారదు. ఈ సంగతి డార్విన్ 1868లోనే రాశాడు. అంతకు వేల ఏళ్ళ ముందే మనవాళ్ళు గమనించారని నా నమ్మకం. ఋగ్వేదం పదో మండలంలో యముడి కుక్కలు రెండు వస్తాయి. సరమ బిడ్డలు, రంగురంగుల ఒళ్ళు, నాలుగేసి కళ్ళు. పార్సీలు మరణించినవారి దగ్గరికి కుక్కను తెచ్చి చూపించే ఆచారంలో కోరేది కూడా నాలుగు కళ్ళ కుక్కనే, కళ్ళ మీద చుక్కలున్న దాన్ని. నిద్రపోతున్నప్పుడు కూడా ఆ చుక్కలు మనల్ని చూస్తున్నట్టే ఉంటాయి. కాపలా కుక్కకు, అందులోనూ యముడి వాకిలి కాపలాకు, అంతకన్నా తగిన అలంకారం ఏముంటుంది?

ఇక మిగతా రంగుల మాట. పులిచారల కుక్కలు, అంటే బ్రిండిల్ రంగువి, డిఫెన్సిన్ జన్యువుకే చెందిన మరో రూపం వల్ల వస్తాయి. నలుపును పలచబరిచే జన్యువు ఒకటుంది, దానివల్ల వచ్చే ఉక్కు బూడిద రంగును పెంపకందార్లు బ్లూ అంటారు. చూడముచ్చటగానే ఉంటుంది. కాకపోతే ఈ రంగు కుక్కల్లో కొన్నింటికి, ముఖ్యంగా బ్లూ డాబర్‌మన్‌లకు, పెద్దవుతున్నకొద్దీ రంగు పలచబడ్డ చోట్ల జుట్టు ఊడిపోయే చర్మవ్యాధి వస్తుంది. దానికి చికిత్సతో నయమయ్యే దారి లేదు, ఉపశమనమే. చాక్లెట్ లాబ్రడార్ల మాట కూడా చెప్పాలి. బ్రిటన్‌లో పశువైద్యుల రికార్డులు పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం చాక్లెట్ రంగువాటి ఆయుర్దాయం మధ్యస్థంగా 10.7 ఏళ్ళు, మిగతా రంగులవాటికి 12.1 ఏళ్ళు. చెవి జబ్బులు, చర్మపు పుళ్ళు కూడా చాక్లెట్‌వాటికే ఎక్కువ. రంగే రోగం తెచ్చిందనుకోనక్కర్లేదు. ఆ రంగు కావాలంటే రెండు వైపులా అదే జన్యువు ఉండాలి, దానికోసం చిన్న గుంపులోనే మళ్ళీ మళ్ళీ జతకట్టించడం కారణం కావచ్చని ఆ పరిశోధకులే అన్నారు.

ఇప్పుడు తెలుపు దగ్గరికి వద్దాం. మొదట్లో గుర్తుంచుకోమన్న మాట ఇదే.

రంగు చేసే కణాలు చర్మంలో పుట్టవు. పిల్ల తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడు వెన్నెముక వెంబడి పుడతాయి. అక్కడి నుంచి రెండు పక్కలకూ దిగి, సంఖ్యలో పెరుగుతూ ఒళ్ళంతా పరుచుకోవాలి. సాగర్ కాలువ కింద చివరి ఆయకట్టు రైతును అడగండి, నీళ్ళు తక్కువైన ఏడాది ముందు ఎండేది ఎవరి చేనో. ఇక్కడా అంతే. కణాలు చాలకపోయినా, ఆలస్యమైనా ముందు రంగు అందనివి వెన్నెముకకు దూరంగా ఉన్న చోట్లు. పాదాలు, గుండె, పొట్ట, తోక కొస, నుదుటి మధ్య. మీ వీధి కుక్క ఒంటి మీద తెలుపు ఎక్కడెక్కడ ఉందో మళ్ళీ చూడండి. కొరత ఇంకా పెరిగితే తెలుపు కాళ్ళ మీదికీ, మెడ మీదికీ ఎక్కుతుంది. మరీ ఎక్కువైతే రంగు చెవుల దగ్గరా, తోక మొదట్లోనూ, వీపు మీద ఒకటి రెండు మచ్చలుగానూ మిగులుతుంది.

సైబీరియాలోని నొవొసిబిర్స్క్‌లో ద్మిత్రీ బెల్యాయెవ్ 1959లో మొదలుపెట్టిన ప్రయోగం మీలో కొందరు వినే ఉంటారు. వెండి నక్కల్లో మనిషిని చూసి తక్కువ బెదిరేవాటినే ఏరి జతకట్టిస్తూ పోయారు. రంగు జోలికి పోనేలేదు. పది తరాలు తిరిగేలోగా కొన్ని పిల్లల నుదుట తెల్ల చుక్క పుట్టింది. మచ్చిక గుణానికీ, ఆ కణాల ప్రయాణానికీ పిండ దశలో ఎక్కడో లంకె ఉందని చాలామంది శాస్త్రవేత్తల ఊహ. దీన్ని పట్టుకుని తెల్ల మచ్చ ఉన్న కుక్క సాధువని, లేనిది కరుస్తుందని మాత్రం తీర్పు చెప్పకండి. తరతరాల ఎంపికలో కనిపించిన మార్పు అది, ఒక్కో కుక్క గుణం చెప్పే జాతకం కాదు. కుక్క గుణం దాని పెంపకాన్నీ, పుట్టిన మొదటి రెండు మూడు నెలల్లో అది చూసిన మనుషుల్నీ బట్టి చాలావరకు ఉంటుంది. దత్తాత్రేయస్వామి పటాల్లో పాదాల దగ్గర నాలుగు కుక్కలుంటాయి, చిత్రకారులు వాటిని తలో రంగులో వేస్తుంటారు. అవి నాలుగు వేదాలన్నాక వాటిలో ఇది మంచిదీ, ఇది చెడ్డదీ అని ఎవరంటారు?

గుణంతో లేని సంబంధం తెలుపుకు చెవితో ఉంది. ఇది ఊహ కాదు, నిక్కచ్చిగా తెలిసిన సంగతి. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సూక్ష్మకణాలు ఒక ద్రవంలో మునిగి ఉంటాయి. ఆ ద్రవంలో పొటాషియం పాళ్ళు నిలకడగా ఉంచే పొరలో రంగు కణాలు కూడా ఉండాలి. అక్కడ రంగు కోసం కాదు, ఆ పొర పనిచేయడం కోసం. చర్మానికి చేరలేకపోయిన కణాలు కొన్ని కుక్కల్లో చెవి లోపలికీ చేరవు. పిల్ల పుట్టేనాటికి అంతా బాగానే ఉన్నట్టుంటుంది. మూడు నాలుగు వారాలు నిండేలోగా ఆ పొర కుంచించుకుపోయి, వినికిడి కణాలు చచ్చిపోతాయి. ఇక ఆ చెవి జన్మలో వినదు. తెల్ల ఒళ్ళు, నీలి కళ్ళు ఉన్న పిల్లులు చెవిటివవుతాయని డార్విన్ 1868 నాటి పుస్తకంలోనే చెప్పాడు. కారణం తెలియడానికి వందేళ్ళకు పైగా పట్టింది.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ డాల్మేషన్. సినిమాల్లో, బిస్కెట్ పెట్టెల మీద మురిపించే చుక్కల కుక్క. పిల్లలు పుట్టినప్పుడు తెల్లగానే ఉంటాయి. రెండు వారాలు తిరిగాక ఒక్కొక్క చుక్కా తేలుతుంది. అమెరికాలో పరీక్ష చేసిన డాల్మేషన్లలో సుమారు 22 శాతానికి ఒక చెవి, 8 శాతానికి రెండు చెవులూ వినపడవని తేలింది. అంటే పదింట మూడు. కొన్ని డాల్మేషన్లు పుట్టుకతోనే చెవి మీదో తల మీదో పెద్ద నల్ల మచ్చతో వస్తాయి. వాటిలో చెవుడు తక్కువ. మచ్చ ఉందంటే అక్కడికి కణాలు చేరాయన్న మాట కదా. ఇక తమాషా చూడండి. అమెరికా కెన్నెల్ క్లబ్ ప్రమాణాల ప్రకారం ఆ పుట్టుమచ్చ ఉన్న కుక్క ప్రదర్శనకు అనర్హం. చుక్కలు విడివిడిగా అందంగా ఉండాలన్న కోరికతో, వినగలిగే కుక్కల్నే పక్కకు నెట్టే నిబంధన అది. ఇలాంటి నిబంధన రాసినవాళ్ళు కుక్కను చూశారో, పరుపు గలేబు గుడ్డను చూశారో నాకు తెలియదు.

మనకూ ఇందులో వాటా ఉంది. తమిళనాడు విరుదునగర్ జిల్లాలో రాజపాళయం పట్టణం. విజయనగర కాలం తర్వాత అక్కడికి వలసపోయి స్థిరపడ్డ తెలుగు రాజుల పేరు మీదుగా వచ్చిన ఊరు అది, ఇప్పటికీ వాళ్ళ ఇళ్ళలో తెలుగు వినిపిస్తుంది. ఆ ఊరి పేరుతో పిలిచే వేటకుక్కను 2005లో తపాలా శాఖ స్టాంపు మీద కూడా వేసింది. పాలలాంటి తెలుపు, గులాబీ ముక్కు, పొడుగాటి కాళ్ళు, చూపుల్లో ఠీవి. ఆ తెలుపే దానికి కీర్తి, ఆ తెలుపే దానికి చిక్కు. రంగు మచ్చ లేని తెలుపే కావాలని తరాల తరబడి ఏరుతూ వచ్చేసరికి ఈ జాతిలో పుట్టు చెవుడు మామూలైపోయింది. ఇప్పుడు పెంపకందార్లలో తెలిసినవాళ్ళు వినపడని కుక్కను జతకు వాడరు. మనవైపు కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర పందికోన ఊరి కుక్కలున్నాయి, కాపలాకు పేరున్నవి. వాటికి ఫలానా రంగే ఉండాలన్న పట్టింపు లేదు. ఆ పట్టింపు లేకపోవడమే వాటి అదృష్టమంటాను.

ఇక ఆఖరుది మెర్ల్. నీలం కలిసిన బూడిద మీద నల్ల పేలికలు అతికినట్టుండే రంగు. ఆస్ట్రేలియన్ షెపర్డ్, కోలీ జాతుల్లో పాతకాలం నుంచీ ఉంది. ఈమధ్య మన నగరాల్లో కుక్కపిల్లల వ్యాపారంలో ఈ రంగుకు గిరాకీ పెరిగింది. "రేర్ కలర్ సార్" అన్న మాట వినపడిందంటే చాలా సందర్భాల్లో అది మెర్లో, బ్లూనో అయ్యుంటుంది. దాని జన్యువును 2006లో కనుక్కున్నారు. రంగు రేణువుల తయారీకి అవసరమైన ఒక జన్యువులో ఎక్కడి నుంచో వచ్చి దూరిన అదనపు డీఎన్ఏ ముక్క అది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క వైపు నుంచే వస్తే పిల్ల పేలికల రంగుతో ముద్దుగా ఉంటుంది, చాలావరకు ఆరోగ్యంగానే ఉంటుంది. రెండు వైపుల నుంచీ వస్తే ఒళ్ళు దాదాపు తెల్లబడిపోతుంది. అలాంటి పిల్లల్లో చాలావాటికి చెవుడు, కళ్ళు చిన్నవిగా పుట్టడం, కనుపాప వంకరగా ఉండటం, ఒక్కోసారి పూర్తి గుడ్డితనం. రెండు మెర్ల్ కుక్కల్ని జతకట్టిస్తే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి ఇలా పుడుతుంది. డబ్బు ఎక్కువొస్తుందని తెలిసి తెలిసి ఆ పని చేసేవాళ్ళున్నారు. ఆ నాలుగో పిల్ల ఏమైందని అడిగితే ఎవరూ చెప్పరు.

ఇంకో విషయం. ఈ రంగులన్నీ మన కళ్ళ కోసమే. కుక్క కంట్లో రంగును పట్టే కణాలు రెండు రకాలే, నీలం, పసుపు దానికి తెలుస్తాయి గానీ ఎరుపుకూ పచ్చకూ తేడా తెలియదు. పక్కింటి కుక్క చాక్లెట్ రంగుదని అసూయపడే కుక్క ఎక్కడా లేదు.

కాబట్టి కుక్కపిల్లను తెచ్చుకుందామనుకునే శ్రోతలకు నా మనవి ఇది. పిల్ల రంగు చూసి ముచ్చటపడే ముందు తల్లినీ తండ్రినీ చూపించమనండి. రెండూ మెర్ల్ అయితే అక్కడి నుంచి వచ్చేయండి. ఒంటి మీద తెలుపు ఎక్కువున్న పిల్లయితే, అందులోనూ నీలి కళ్ళుంటే, చెవి పరీక్ష చేయండి. మిగతా పిల్లల నుంచి విడిగా వేరే గదిలోకి తీసుకెళ్ళండి. పక్కన తోబుట్టువులుంటే అవి చెవులు రిక్కించడం చూసి చెవిటిది కూడా తల తిప్పుతుంది. వెనకాల నిలబడి, దాని కంట పడకుండా తాళాల గుత్తి ఆడించండి. చప్పట్లు కొట్టకండి, గాలి తగిలి తిరుగుతుంది. కాలితో నేల తన్నకండి, అదురుకు తిరుగుతుంది. రెండు చెవులూ వినపడనిది దీనితో దొరుకుతుంది. ఒక్క చెవి వినపడనిది ఇంట్లో దొరకదు. దానికి తల మీద సన్నని సూదులు పెట్టి మెదడు స్పందన కొలిచే పరీక్ష ఉంది. ఐదు వారాలు నిండిన పిల్లకు చేయవచ్చు, మీ దగ్గరి పశువైద్య కళాశాలలో ఆ సౌకర్యం ఉందేమో వాకబు చేయండి. ఒక చెవితో వినే కుక్క మీ ఇంట్లో హాయిగా బతుకుతుంది. దాన్ని జతకు మాత్రం వాడకండి. ఇప్పటికే మీ ఇంట్లో పూర్తిగా చెవిటి కుక్క ఉంటే దిగులుపడకండి. చేతి సైగలు అది త్వరగానే నేర్చుకుంటుంది. వదులుగా రోడ్డు మీదికి పంపకుండా చూసుకోండి, నిద్రలో ఉన్నప్పుడు ఒక్కసారిగా తాకకండి, పిల్లలకు కూడా ఆ మాట చెప్పి ఉంచండి.

ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదై ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2017లో నియమాలు చేసింది. పిల్ల బేరం మాట్లాడే ముందు ఆ నమోదు పత్రం చూపించమని అడగండి. చూపించకపోతే, రంగు ఎంత అరుదైనదైనా, ఆ పిల్లను కొనకండి.